పాత అంబాసిడర్ రేడియేటర్‌కు కరెంటు ఫ్యాన్ బిగించడం ఎలా

రైల్వే గేటు పడింది. ముందు రెండు లారీలు, వెనక ఆటోలు. పది నిమిషాలు ఇంజను ఊరికే తిరిగేసరికి హీట్ మీటరు ముల్లు నిక్కుతుంది. గేటు లేచి కారు కాస్త పరుగందుకోగానే ముల్లు మళ్లీ కిందికి దిగుతుంది. మీ పాత కారు తీరు ఇదే అయితే ఈ వ్యాసం మీకోసమే. అలా కాకుండా రోడ్డు మీద అరవైలో పోతున్నప్పుడు వేడెక్కి, ఆపితే తగ్గుతుంటే మీకు కావాల్సింది ఫ్యాన్ కాదు, రేడియేటర్ క్లీనింగ్. ఈ రెంటికీ తేడా తెలియక డబ్బులు తగలేసినవాళ్లు ఒడిశాలోని మా రాయగడలో కొందరున్నారు. వాళ్లలో మొదటివాణ్ణి నేనే.

మా నాన్నగారి అంబాసిడర్ 1978 నాటి మార్క్ 3. ఇంజను 1489 సీసీ పెట్రోలుది. ఆ కారులో ఫ్యాను వాటర్ పంపు ముక్కుకే బిగించి ఉంటుంది, బెల్టు తిప్పితే తిరుగుతుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే ఫ్యానూ అంతే. గాలి బాగా కావాల్సిన చోట, అంటే బండి ఆగి ఉన్నప్పుడు, అది నెమ్మదిగా తిరుగుతుంది. ఎదురుగాలే సరిపోయే చోట మాత్రం గిర్రున తిరిగి ఇంజను బలాన్ని తినేస్తుంది. ఫ్యాన్ వేగం రెండింతలైతే అది తినే బలం ఎనిమిదింతలవుతుంది. కరెంటు ఫ్యాన్ అలా కాదు, అవసరమైనప్పుడే పూర్తి వేగంతో తిరుగుతుంది.

ఘాటీ విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. సాలూరు దాటి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కేటప్పుడు మనం రెండో గేరులో ఇంజన్ని గట్టిగా తిప్పుతూనే ఉంటాం కదా, అక్కడ పాత బెల్టు ఫ్యానూ బాగానే పనిచేస్తుంది. ఘాటీలో మరిగే బండికి రోగం వేరే ఎక్కడో ఉంటుంది.

ముందు రోగం చూడండి

ఫ్యాన్ కొనేముందు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. ఇంజను పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగిన నీళ్లు మొహాన కొడతాయి.

మూత రబ్బరు చూడండి. చీలినా గట్టిపడినా మార్చేయండి. మూత మీద ఉన్న అంకె అది ఎన్ని పౌండ్ల ఒత్తిడి ఆపుతుందో చెబుతుంది. ఏడు పౌండ్ల మూత నీళ్లు మరిగే వేడిని దాదాపు 12 డిగ్రీలు పైకి నెడుతుంది. కోరాపుట్ లాంటి ఎత్తు మీద మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి, మంచి మూత ఉన్న కారుకూ పాడైన మూత ఉన్న కారుకూ అక్కడ తేడా బాగా తెలుస్తుంది. చవకైన మరమ్మతు ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే.

తర్వాత రేడియేటర్ రెక్కలు. ఎర్రమట్టి, పొట్టు, పురుగులు కలిసి సన్నటి సందుల్లో అట్టకట్టి ఉంటాయి. ఇంజను వైపు నుంచి బయటికి నెమ్మదిగా నీళ్లు కొట్టండి. సర్వీసింగ్ సెంటరు ప్రెషర్ గన్ను దగ్గర పెట్టి కొడితే రెక్కలు మడతపడిపోతాయి, అది మరో తలనొప్పి. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వును విప్పి వేడినీళ్ల గిన్నెలో వేసి చూడండి, చాలావాటికి 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. దాన్ని తీసి పారేసిన కార్లు మన దగ్గర ఎక్కువే. మళ్లీ పెట్టించండి. కింది హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా అణిగిపోతుంటే అది కూడా మార్చాలి, ఎందుకంటే ఇంజను పరుగులో ఉన్నప్పుడు పంపు లాగే లాగుడుకి అది లోపలికి ముడుచుకుపోయి నీళ్లు ఆగిపోతాయి.

ఇవన్నీ సరిగా ఉండీ ఆగినచోట మాత్రమే వేడెక్కితే అప్పుడు ముందుకు వెళ్లండి.

కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ పని మొదటిసారి మొదలుపెట్టినప్పుడు ఫ్యాన్ చేతిలో పట్టుకుని మా పాత మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన ఫ్యాన్ వైపు కూడా చూడకుండా అడిగిన మాట: "గాలి తిరిగితే సరిపోద్దేటి బాబూ, కరెంటు ఎక్కణ్ణుంచొస్తాది?"

ఆ రోజు అర్థం కాలేదు. అప్పటి మా కారులో డైనమో ఉండేది. ఆ కాలపు డైనమో గట్టిగా తిరిగినప్పుడు ఇచ్చేదే 22 ఆంపియర్లు. ఇంజను ఐడ్లింగ్‌లో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వదు, అందుకే ఆగినచోట ఛార్జింగ్ లైటు మిణుకుమంటుంది. కరెంటు ఫ్యాన్ తిరగాల్సిందేమో సరిగ్గా అప్పుడే! గేటు దగ్గర పావుగంట ఫ్యాన్ తిరిగితే ఆ కరెంటంతా బ్యాటరీదే. వానాకాలం రాత్రి అయితే లెక్క ఇలా ఉంటుంది: హాలోజన్ హెడ్‌లైట్లు రెండూ కలిపి 10 ఆంపియర్లు, వైపరు 3 లేక 4, ఇగ్నిషన్ కాయిల్ 4, వెనక లైట్లు, మీటరు లైట్లు 2, ఫ్యాన్ 10. మొత్తం దాదాపు 30. 22 ఇచ్చే యంత్రం నుంచి 30 రాదు.

కాబట్టి డైనమో ఉన్న కారుకు ముందు ఐడ్లింగ్‌లోనూ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్, తర్వాతే ఫ్యాన్. 35 ఆంపియర్లది కనీసం, 45 అయితే నిశ్చింత. రెగ్యులేటర్ లోపలే ఉండే రకం తీసుకుంటే డైనమో కరెంటును అదుపు చేసే పాత కటౌట్ పెట్టె అవసరం ఉండదు. బ్రాకెట్టు లేతు పనివాడి చేత చేయించుకోవాల్సి రావచ్చు. పుల్లీ మాత్రం మిగతా రెండు పుల్లీలతో ఒకే గీతలో ఉండాలి, లేకపోతే బెల్టు అంచులు అరిగిపోతాయి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్లే వైరు 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

ఇంకో సంగతి. కొన్ని పాత కార్లలో బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపి ఉంటుంది. ఆల్టర్నేటర్ పెట్టేముందు అది చూసుకోకపోతే లోపలి డయోడ్లు కలిపిన క్షణంలోనే కాలిపోతాయి. బాడీకి వెళ్లే లావు వైరు ఏ టెర్మినల్ నుంచి బయలుదేరిందో కళ్లారా చూడండి, రంగును నమ్మొద్దు. ఈ కింద చెప్పేదంతా మైనస్సు ఎర్త్ ఉన్న, అంటే బ్యాటరీ మైనస్సు బాడీకి కలిపిన కారుకు.

ఫ్యాన్ ఎలాంటిది?

ఏ కారుకైనా బిగించుకునేలా చేసిన కొత్త యూనివర్సల్ ఫ్యాన్లు 10, 12, 14 అంగుళాల్లో దొరుకుతాయి. నాకైతే మారుతి 800 నుంచి విప్పిన ఫ్యానే నచ్చింది. మోటారు, రెక్కలు, చుట్టూ గొడుగు (గాలి పక్కలకు పోకుండా ఆపే చట్రం), అన్నీ ఒకే ముక్కగా వస్తాయి, విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. విజయనగరంలోనో బరంపురంలోనో పాత సామాన్ల కొట్టుకు వెళితే ఏరుకోవచ్చు. కొట్లోనే బ్యాటరీకి కలిపి ఐదు నిమిషాలు తిప్పించి చూడండి. షాఫ్టును అటూ ఇటూ కదిపితే ఆడకూడదు, గరగరమనకూడదు. క్లాంప్ మీటరు ఉంటే ఆంపియర్లు చూసి రాసుకోండి, తర్వాత ఫ్యూజు లెక్కకు అదే ఆధారం. మొదలైన క్షణంలో రెండు మూడింతలు లాగుతుంది, కాబట్టి స్థిరపడ్డాక వచ్చిన అంకెనే తీసుకోండి.

రేడియేటర్ వెనక, ఇంజను వైపు పెట్టి గాలిని లాగే పద్ధతి మంచిది. ముందు పెట్టి తోసే పద్ధతి చోటు లేనప్పుడే, ఎందుకంటే ముందు పెట్టిన ఫ్యాను పరుగులో వచ్చే గాలికి తానే అడ్డం. అంబాసిడర్‌లో పాత ఫ్యాన్ తీసేశాక వెనక చోటు బాగానే మిగులుతుంది. ప్రీమియర్ పద్మినీ కారులో కొలిచి చూసుకోండి. రేడియేటర్ నుంచి వాటర్ పంపు ముక్కు దాకా ఉన్న దూరంలో ఫ్యాన్ మందం తీసేయగా కనీసం 20 మిల్లీమీటర్లు మిగలాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ముందుకు ఊగుతుంది, ఆ ఊపుకి చోటు కావాలి.

పాత ఫ్యాన్ విప్పడం

బ్యాటరీ ఎర్త్ వైరు ముందు తీసేయండి. ఫ్యానునూ పుల్లీనీ పంపుకు పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు. బెల్టు వదులు చేయకముందే వాటిని కాస్త సడలించుకోండి, లేకపోతే పుల్లీ మీ చేతిలో తిరుగుతూ ఉంటుంది. అంబాసిడర్ బోల్టులు అంగుళాల లెక్కవి, 7/16 స్పానర్ పడుతుంది. దగ్గర్లో ఉందని 6 మిల్లీమీటర్ల బోల్టు దూర్చితే మర పాడవుతుంది.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫ్యాన్ తీసేస్తే దాని మందం కూడా పోతుంది కదా. అవే బోల్టులు మళ్లీ బిగిస్తే పొడవు ఎక్కువై, గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది కానీ పుల్లీ వదులుగానే ఉంటుంది. కొన్నిసార్లు బోల్టు చివర వెనక పంపు బాడీకి గీసుకుంటుంది. ఫ్యాన్ మందమెంతో కొలిచి అంత మేర వాషర్లు వేయండి, లేదా అంత పొట్టి బోల్టులు తెచ్చుకోండి. బిగించాక పుల్లీని చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పి చూడండి. ఎక్కడా తగలకూడదు.

బెల్టు మాత్రం ఉండాల్సిందే. వాటర్ పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పేది అదే. పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

కొత్తది బిగించడం

యూనివర్సల్ ఫ్యాన్లతో పాటు ప్లాస్టిక్ పుల్లలు ఇస్తారు, రేడియేటర్ రెక్కల సందుల్లోంచి దూర్చి లాగి బిగించమని. వాటిని అక్కడే పారేయండి. మన రోడ్ల మీద ఆ అదురుకి ఆరు నెలల్లో అవి గొట్టాలను రాసి చిల్లి పెడతాయి. అంగుళం వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీలు రెండు తీసుకుని, రేడియేటర్ పక్క ఫ్రేముకు పైనా కిందా అడ్డంగా వేసి, ఫ్యాన్ బరువంతా ఆ పట్టీల మీద పడేలా చేయించండి. ప్రతి బోల్టు దగ్గరా రబ్బరు బుష్ వేయండి.

ఫ్యాన్ గొడుగుకూ రేడియేటర్‌కూ మధ్య సందు ఉంటే ఫ్యాన్ ఇంజను దగ్గరి వేడిగాలినే పక్కల నుంచి లాక్కుని తిరుగుతుంది. తలుపులకు అంటించే ఫోమ్ పట్టీ చుట్టూ అంటిస్తే చాలు.

తిరిగే వైపు సరిగా ఉందో లేదో కాగితం ముక్కతో చూడాలి. గ్రిల్ ముందు పెడితే అది అతుక్కోవాలి, ఎగిరిపోకూడదు. వైర్లు తారుమారు చేస్తే మోటారు ఎదురు తిరుగుతుంది కానీ రెక్కల వంపు ఒక వైపుకే చేసింది, కాబట్టి తోసే ఫ్యానును వైర్లు మార్చి లాగే ఫ్యానుగా వాడాలనుకుంటే గాలి సగానికి పడిపోతుంది. వీలుంటే రెక్కలను కూడా తిరగేసి బిగించాలి.

ఎప్పుడు తిరగాలి?

దీనికి థర్మో స్విచ్, అంటే నీళ్లు ఒక వేడికి చేరగానే దానంతట అదే కలిసే స్విచ్ కావాలి. థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకుంటే ఫ్యాన్ 92 నుంచి 95 మధ్య మొదలై, 87 దగ్గర ఆగాలి. థర్మోస్టాట్ తెరిచే వేడి కన్నా తక్కువలో ఫ్యాన్ మొదలయ్యేలా పెడితే అది ఎప్పటికీ ఆగదు. ఈ అంకెలు రేడియేటర్ పైభాగంలో, ఇంజను నుంచి వేడినీళ్లు వచ్చే వైపు స్విచ్ పెట్టినప్పటివి. కింది ట్యాంకులో పెడితే అక్కడ నీళ్లు అప్పటికే చల్లారి ఉంటాయి కాబట్టి 85-88 దగ్గర మొదలయ్యేది తీసుకోండి.

పెట్టడానికి రెండు దారులు. ఇత్తడి ట్యాంకు ఉన్న పాత రేడియేటరైతే రిపేరు చేసేవాళ్లు మర ఉన్న ఇత్తడి ముక్కను టంకం వేసి అతికిస్తారు. నా ఓటు దీనికే. రెండోది, పై హోస్ పైపును మధ్యలో కోసి ఒక అల్యూమినియం గొట్టం ఇరికించి దానికి స్విచ్ బిగించడం. సులువే కానీ ఒక మెలిక ఉంది. ఆ గొట్టానికి రెండు వైపులా రబ్బరే, అంటే బాడీతో సంబంధం లేదు. ఒకే టెర్మినల్ ఉన్న స్విచ్ వాడితే గొట్టానికి విడిగా ఎర్త్ వైరు వేయాల్సిందే. నేను ఒక పూటంతా రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) అనుమానించి, చివరికి ఈ ఎర్త్ దగ్గర దొరికిపోయాను.

వైరింగు

నా మొదటి ప్రయత్నంలో రిలే లేదు. ఇగ్నిషన్ స్విచ్ నుంచి నేరుగా సన్నటి వైరు లాగి ఫ్యానుకు కలిపాను. పొట్టంగి దాకా వెళ్లేసరికి డాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కాలిన వాసన. ఇంకో వింత, తాళం తిప్పి ఆపినా ఇంజను ఒకటి రెండు క్షణాలు ఆగేది కాదు. ఊపు మీద ఉన్న ఫ్యాను డైనమోలా కరెంటు పుట్టించి అదే వైరు గుండా ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే కాయిల్‌కు వెనక్కి పంపుతోందని తర్వాత తెలిసింది. రిలే పెడితే రెండు బాధలూ పోతాయి.

కావాల్సింది 12 వోల్టుల, 40 ఆంపియర్ల మామూలు నాలుగు కాళ్ల రిలే. కాళ్ల మీద అంకెలుంటాయి.

30: బ్యాటరీ ప్లస్సు నుంచి, ఫ్యూజు గుండా. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉండాలి. 10 ఆంపియర్ల ఫ్యానుకు 20 ఫ్యూజు.

87: ఫ్యాన్ ప్లస్సుకు. ఫ్యాన్ మైనస్సు బాడీకి, రంగు గీకి మెరిసే ఇనుముకు.

86: ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరుకు.

85: డాష్‌బోర్డు మీద పెట్టే స్విచ్చుకు.

లావు వైర్లు 4 చదరపు మిల్లీమీటర్లవి వాడండి. 2.5 కూడా నడుస్తుంది కానీ దూరం ఎక్కువైతే ఫ్యాన్ నీరసపడుతుంది. 85, 86లకు ఒక చదరపు మిల్లీమీటరుది చాలు. రిలే కాళ్లు కిందికి ఉండేలా, నీళ్లు పడని చోట బిగించండి.

డాష్‌బోర్డు స్విచ్ మూడు స్థానాలది తీసుకోండి, మధ్యలో ఆఫ్ ఉండే రకం. మధ్య కాలు రిలే 85కు, ఒక పక్క కాలు థర్మో స్విచ్‌కు, రెండో పక్క కాలు నేరుగా ఎర్త్‌కు. ఒక వైపు నొక్కితే ఆటోమేటిక్, ఇంకో వైపు నొక్కితే ఎప్పుడూ ఆన్, మధ్యలో ఆఫ్. ఆఫ్ ఎందుకంటారా? గుణుపురం వైపు వానాకాలంలో కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటాయి. తిరుగుతున్న ఫ్యాను నీళ్లను కొడితే రెక్కలు వంగి రేడియేటర్‌ను కోస్తాయి, ఇటు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిసి బండి ఆగుతుంది. కాస్త లోతు నీళ్లు అయినా దాటే ముందు ఫ్యాన్ ఆపేయండి, దాటాక మళ్లీ వేయండి. పొంగిన నీళ్లయితే అసలు దిగొద్దు.

రిలే 87 నుంచి ఒక చిన్న బల్బు డాష్‌బోర్డులో పెట్టుకుంటే ఫ్యానుకు కరెంటు వెళ్తున్న సంగతి కూర్చున్నచోటే తెలుస్తుంది.

అంతా కలిపాక మల్టీమీటరుతో ఒక పరీక్ష. ఫ్యాన్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి, ఫ్యాన్ టెర్మినళ్ల దగ్గర చూడండి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో కనెక్షన్ వదులుగా ఉంది, నూటికి తొంభైసార్లు అది ఎర్త్ దగ్గరే.

నీళ్లు పోసి చూడడం

కూలంట్ సగం, మినరల్ తీసిన నీళ్లు సగం. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. మూత తీసే ఉంచి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా గాలి బుడగలు పోనిచ్చి, నిండుగా పోసి మూత వేయండి. తర్వాత ఇంటిముందే ఐడ్లింగ్‌లో వదిలేయండి. స్విచ్ ఆటోమేటిక్‌లో ఉండాలి. ముల్లు పైకి పోతూ ఒక చోట ఫ్యాన్ దానంతట అదే మొదలవ్వాలి, కొన్ని నిమిషాల్లో ఆగాలి, మళ్లీ మొదలవ్వాలి. ఇలా మూడుసార్లు జరిగాకే రోడ్డెక్కండి. అప్పుడు కూడా తొలిరోజే ఘాటీ వద్దు. మా ఊరి మజ్జిగౌరమ్మ గుడి దగ్గర రద్దీలో ఒక గంట తిప్పితే అంతకు మించిన పరీక్ష లేదు.

కరెంటు ఫ్యాన్ పెట్టినవాళ్లకు రెండు కొత్త ప్రమాదాలున్నాయి. బెల్టు తెగినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ఆ చప్పుడు విని అంతా బాగుందనుకుంటాం. నిజానికి పంపు ఆగిపోయి నీళ్లు కదలడం లేదు. ఛార్జింగ్ లైటు వెలిగితే ఫ్యాన్ శబ్దాన్ని నమ్మకుండా బండి ఆపండి. రెండోది, లీకై నీళ్లు తగ్గిపోతే థర్మో స్విచ్ గాలిలో వేలాడుతుంది. దానికి వేడి సరిగా తగలదు, ఫ్యాన్ మొదలే కాదు. ముల్లు ఎక్కువ చూపిస్తూ ఫ్యాన్ బల్బు వెలగకపోతే ముందుగా అనుమానించాల్సింది నీళ్లనే.

నెల తర్వాత ఒకసారి పట్టీల బోల్టులు, ఎర్త్ కనెక్షన్ బిగించుకోండి. ఫ్యూజు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే హోల్డర్ మార్చండి. విప్పిన పాత ఫ్యాన్‌ను, దాని పొడుగు బోల్టులు నాలుగింటినీ ఒక గుడ్డలో చుట్టి 7/16 స్పానర్‌తో సహా డిక్కీలో పెట్టుకోండి. సుంకి దగ్గర చీకట్లో మోటారు కాలిపోయిందనుకోండి, ఇంజను చల్లారాక కరెంటు ఫ్యాన్ పట్టీలు విప్పి పాతది తిరిగి బిగించడానికి ముప్పావు గంట చాలు. టార్చి పట్టుకునే మనిషి ఒకరుంటే ఇంకా త్వరగా అయిపోతుంది.